క్యాష్ ఉంది, అప్పు లేదు. అయినా షేరు ఎందుకు లేవలేదు?

ప్రశ్న ఇదీ. ఒక ఫోన్ల కంపెనీ షేరు ఒకప్పటి ధరలో పదో వంతుకు దిగింది. బ్యాంకులో క్యాష్ ఉంది, అప్పు లేదు, పేటెంట్లు గుట్టలుగా ఉన్నాయి. ఇన్వెస్టర్లలో సగం మంది "కారుచౌక, కళ్లు మూసుకుని కొనొచ్చు" అంటున్నారు. మిగతా సగం "ఏడాదిలో దుకాణం కట్టేస్తారు" అంటున్నారు. ఇలాంటప్పుడు లెక్కలు ఎలా చూడాలి? బ్లాక్‌బెర్రీ విషయంలో చివరికి ఎవరి మాట నిజమైంది?

రెండో భాగానికి జవాబు తేలిక. ఎవరి మాటా నిజం కాలేదు. దుకాణం కట్టేయలేదు, షేరూ లేవలేదు. రెండు వర్గాలూ ఒకే బ్యాలెన్స్ షీట్ ముందు పెట్టుకుని, చెరో అంకె పట్టుకుని, ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. మొదటి భాగానికి జవాబు కాస్త పొడుగు. బ్లాక్‌బెర్రీ లెక్కలతోనే చెబుతాను. ఎందుకంటే పడిపోతున్న ఫోన్ కంపెనీలో ఏమేం జరగొచ్చో దాదాపు అన్నీ ఆ ఒక్క కంపెనీలో జరిగాయి.

ముందు పెద్ద అంకెలు. కెనడాలోని వాటర్‌లూ కేంద్రంగా ఉన్న ఈ కంపెనీ పేరు అప్పట్లో రీసెర్చ్ ఇన్ మోషన్. దాని ఆర్థిక సంవత్సరం ఫిబ్రవరి చివర ముగుస్తుంది. 2011 ఫిబ్రవరితో ముగిసిన ఏడాదిలో అమ్మకాలు 1,990 కోట్ల డాలర్లు, లాభం 340 కోట్లు. సరిగ్గా మూడేళ్ల తర్వాత, అంటే 2014 మార్చి 1తో ముగిసిన ఏడాదిలో, అమ్మకాలు 680 కోట్లు, నష్టం 587 కోట్లు. షేరు 2008లో 140 డాలర్లు దాటింది. 2013 సెప్టెంబరు చివరికి 8 డాలర్ల దగ్గర ఆడుతోంది.

ఆశావాదుల లెక్క అక్కడ మొదలైంది. 2013 ఆగస్టు చివర కంపెనీ దగ్గర క్యాష్, పెట్టుబడులు కలిపి 260 కోట్ల డాలర్లు. షేర్లు సుమారు 52 కోట్లు. భాగిస్తే షేరుకు 5 డాలర్లు. అంటే 8 డాలర్ల షేరు కొంటే 5 డాలర్లు చేతికి తిరిగి వచ్చినట్టే. మిగతా 3 డాలర్లకే పేటెంట్లు, కోట్లాది వాడకందార్లు, కార్పొరేట్ సర్వర్లు, అన్నీ వచ్చేస్తాయి. అప్పట్లో ఈ లెక్క నేనూ కాగితం మీద వేసుకున్నవాణ్నే. చూడ్డానికి ఎంత ముద్దొస్తుందో! తప్పు ఎక్కడుందో వెంటనే కనపడదు కూడా.

తప్పు ఏమిటంటే, ఆ 260 కోట్లు ఒక తారీఖు నాటి అంకె. అంతకు మూడు నెలల ముందు అది 310 కోట్లు. ఒక్క క్వార్టర్‌లో 50 కోట్లు తరిగింది. ఆ క్వార్టర్ నష్టం 96.5 కోట్లు. అందులో ఎక్కువ భాగం ఒకే ఒక్క పద్దు. ప్రధానంగా కొత్త జెడ్10 ఫోన్ల సరుకు విలువ తగ్గించుకున్నందుకు రాసిన 93.4 కోట్లు (పన్ను లెక్కకు ముందు).

"అదంతా పేపర్ లాస్, క్యాష్ కాదు" అని ఆశావాదులు కొట్టిపారేశారు. కంపెనీ ప్రకటనలో కూడా అది ప్రధానంగా క్యాష్‌తో సంబంధం లేని పద్దు అనే రాశారు. అయితే అదే వాక్యంలో ఇంకో మాట ఉంది: సరుకుతో పాటు, సరఫరాదారులకు ఇచ్చిన ఒప్పందాల మీద కూడా ఈ పద్దు రాశామని. ఆ చిన్న మాట దగ్గర ఆగినవాళ్లు తక్కువ.

ఫోన్ల వ్యాపారం ఎలా నడుస్తుందో తెలిస్తే ఆ మాట బరువు తెలుస్తుంది. స్క్రీన్లు, చిప్పులు, కెమెరాలు నెలల ముందే ఆర్డర్ పెట్టాలి. ఫోను బిగించే ఫ్యాక్టరీ వాడు మీరిచ్చిన అంచనా చూసి భాగాలు కొంటాడు. రేపు ఫోను అమ్ముడుపోకపోతే "మాకొద్దు" అని తప్పించుకోవడానికి లేదు. తీసుకున్నా తీసుకోకపోయినా డబ్బు కట్టాల్సిందే. ఈ బాకీ బ్యాలెన్స్ షీట్‌లో అప్పుల వరుసలో ఉండదు. వెనక నోట్స్‌లో, కొనుగోలు ఒప్పందాల కింద ఉంటుంది. అప్పు లేని కంపెనీ అనుకుంటాం గానీ, ఆ నోట్‌లో ఉన్నది అప్పు కాక మరేమిటి?

ఇక తయారైన సరుకు సంగతి. నిన్నటి ఫోను నిన్నటి కూరగాయ లాంటిది. ఇవాళ సగం ధరకు తీసుకోమన్నా బేరం ఆడతారు. అందుకని సరుకు విలువ తగ్గించారంటే నష్టం ఆ రోజు పుట్టింది కాదు. డబ్బు ఆర్నెల్ల కిందటే భాగాల రూపంలో బయటికి పోయింది, లేదా రాబోయే ఆర్నెల్లలో పోబోతోంది. పుస్తకంలో రాసుకోవడం మాత్రమే ఇవాళ. పేపర్ లాస్ అనే పేరు నాకు ఎప్పుడూ నచ్చదు.

పైగా ఇది మొదటిసారి కూడా కాదు. 2011 ఏప్రిల్‌లో ప్లేబుక్ అనే టాబ్లెట్ 499 డాలర్లకు దింపారు. అదే ఏడాది నవంబరుకు 199కి అమ్ముతున్నారు. డిసెంబరులో 48.5 కోట్ల సరుకు నష్టం రాసుకున్నారు. అంచనాలు కట్టడంలో ఆ కంపెనీ ఎంత దిట్టో అక్కడే తేలిపోయింది. రెండేళ్ల తర్వాత అదే తప్పు రెండింతలు చేశారు.

ఇప్పుడు అమ్మకాల అంకె. ఫోన్ కంపెనీల లెక్కల్లో కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. ఫోను కంపెనీ గేటు దాటి టెలికాం సంస్థ గోడౌన్‌కు చేరడం ఒకటి. అక్కడి నుంచి మనిషి జేబులోకి చేరడం ఇంకొకటి. మొదటిది చూపించి పండగ చేసుకోవచ్చు. రెండోది జరగకపోతే గోడౌన్‌లో పడున్న సరుకు తర్వాతి క్వార్టర్‌లో తగ్గింపుల రూపంలో కంపెనీ మెడకే చుట్టుకుంటుంది.

2013 జూన్ 1తో ముగిసిన క్వార్టర్‌లో 68 లక్షల ఫోన్లు పంపామన్నారు, అందులో కొత్త బ్లాక్‌బెర్రీ 10 ఫోన్లు (జెడ్10 వీటిలోదే) 27 లక్షలు. ఫలితాల రోజే షేరు 28 శాతం పడింది. ఆ తర్వాతి క్వార్టర్‌లో ఇంకో విచిత్రం. జనం చేతికి చేరినవి 59 లక్షలు, కంపెనీ ఆదాయంగా లెక్కగట్టింది 37 లక్షల ఫోన్లకే. కొత్త ఫోన్లలో కొన్ని కొనుగోలుదారు చేతిలో పడేదాకా అమ్మకం కింద రాసుకోబోమన్నారు. అంటే తామే పంపిన సరుకు ఏ ధరకు పోతుందో తమకే తెలియదని ఒప్పుకున్నట్టు. నా దృష్టిలో ఆ ఏడాది మొత్తంలో అన్నిటికంటే నిజాయితీ గల వాక్యం అదే. అన్నిటికంటే భయపెట్టేదీ అదే.

దాని తర్వాతి క్వార్టర్ ఇంకా స్పష్టం. జనం కొన్న 43 లక్షల ఫోన్లలో 32 లక్షలు పాత బ్లాక్‌బెర్రీ 7వే. కొత్తది వచ్చి దాదాపు ఏడాది కావస్తున్నా, ఆ కంపెనీని ఇంకా ప్రేమిస్తున్నవాళ్లు కూడా పాతదే కొంటున్నారు. టర్నరౌండ్ (పడిపోయిన కంపెనీ మళ్లీ లేవడం) జరుగుతోందా లేదా అనే వాదనకు ఈ ఒక్క నిష్పత్తి చాలు. విశ్లేషకుల రిపోర్టులు ఎన్ని చదివినా ఇంతకు మించి చెప్పేదేమీ ఉండదు.

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది మాత్రం సర్వీసు ఫీజు. దీని గురించి కాస్త ఆగి చెప్పాలి.

పాత బ్లాక్‌బెర్రీ ఫోన్లలో మెయిల్, మెసేజీలు కంపెనీ సొంత నెట్‌వర్క్ కేంద్రాల గుండా వెళ్లేవి. అందుకు ప్రతి చందాదారు తరఫున టెలికాం సంస్థలు కంపెనీకి నెలనెలా కొంత కట్టేవి. 2012 ప్రాంతంలో ఇది ఏటా 400 కోట్ల డాలర్ల పైచిలుకు ఆదాయం. ఫోన్ల మీద మిగిలేది అంతంతే, దీని మీద మాత్రం మార్జిన్ వెన్న ముద్ద. పాడిగేదె అంటే అదే. చందాదారులు 8 కోట్లు ఉన్నంతకాలం కంపెనీ ఫోన్లు కాస్త నష్టానికి అమ్మినా పర్లేదు.

మరి కొత్త బ్లాక్‌బెర్రీ 10 ఫోను ఏం చేసింది? మామూలు ఇంటర్నెట్ మీదే మెయిల్ తెచ్చుకుంది. సాధారణ వాడకందారుకు ఆ ప్రత్యేక నెట్‌వర్క్‌తో పని లేకుండా పోయింది. పని లేని సేవకు టెలికాం సంస్థ ఫీజు ఎందుకు కడుతుంది? కొత్త ఫోను ఫెయిలైతే కంపెనీకి నష్టం. హిట్టయితే పాత చందాదారులు కొత్త ఫోనుకు మారి, ఫీజు ఎగిరిపోయి, అప్పుడూ నష్టమే. గట్టెక్కడానికి వేసిన తెప్పే పడవకు చిల్లు పెట్టింది.

ఇది 2012 డిసెంబరులో బయటపడింది. ఆ రోజు ఫలితాలు చూస్తే క్యాష్ పెరిగింది, 230 కోట్ల నుంచి 290 కోట్లకు. ఆశావాదులు చంకలు గుద్దుకున్నారు. తర్వాత కాన్ఫరెన్స్ కాల్‌లో సీఈఓ థోర్‌స్టెన్ హైన్స్ సర్వీసు ఫీజుల విధానం మారబోతోందని, కొందరి నుంచి తక్కువ వస్తుందని చెప్పారు. మర్నాడు షేరు 20 శాతానికి పైగా పడింది. క్యాష్ పెరిగిందన్న మర్నాడే షేరు కూలడం చాలామందికి అర్థం కాలేదు. మార్కెట్ పిచ్చిది అని తిట్టుకున్నారు. ఈసారి మాత్రం మార్కెట్టే సరిగ్గా లెక్కేసింది.

అన్నట్టు, తగ్గిపోతున్న వ్యాపారంలో క్యాష్ ఎలా పెరుగుతుందని అడగొచ్చు. అదేం వింత కాదు. అమ్మకాలు బాగున్నప్పుడు టెలికాం సంస్థల నుంచి రావాల్సిన పాత బకాయిలు ఇప్పుడు వసూలవుతుంటాయి. కొత్తగా అరువు ఇచ్చేది తక్కువ కాబట్టి వచ్చింది వచ్చినట్టు బ్యాంకులో నిలుస్తుంది. కెనడాలో అయితే ఇవాళ్టి నష్టాన్ని వెనకటి మూడేళ్ల లాభాలకు సర్ది, అప్పుడు కట్టిన పన్ను తిరిగి తెచ్చుకోవచ్చు కూడా. రెండూ ఒకటి రెండుసార్లు వచ్చే డబ్బులు. గాదె అడుగు ఊడ్చి తెచ్చిన గింజలు చూసి పంట పండిందనుకుంటే ఎలా?

ఒక ఫోన్ కంపెనీ షేర్లలో (పేరు అనవసరం) నేను చేతులు కాల్చుకున్నది ఈ విషయంలోనే. ఫలితాల ప్రకటనలో "క్యాష్ పెరిగింది" అన్న వాక్యం చూసి అదే సాయంత్రం కొన్నాను. నోట్స్‌తో కూడిన పూర్తి రిపోర్టు కొన్నాళ్ల తర్వాత వచ్చింది. రావాల్సిన బకాయిలు సగానికి పడిపోయి ఉన్నాయి, కొనుగోలు ఒప్పందాలు క్యాష్‌తో సమానంగా ఉన్నాయి. తప్పు వాళ్లది కాదు. వాళ్లు రాశారు, నేను చదవలేదు. అప్పటి నుంచి నోట్స్ చూడకుండా కొనే అలవాటు పోయింది.

ఇక దివాలా అన్నవాళ్ల సంగతి. వీళ్లు నష్టానికీ చావుకీ తేడా చూడలేదు. 2013 నవంబరుతో ముగిసిన క్వార్టర్‌లో నష్టం 440 కోట్లు అనగానే "అయిపోయింది" అని రాసేశారు. అందులో 270 కోట్లు ఆస్తుల విలువ తగ్గింపు, 160 కోట్లు సరుకు మీద. బ్యాంకులకు కట్టాల్సిన వాయిదాలు మెడ మీద లేని కంపెనీ అంత త్వరగా చావదు. ఖర్చు కోసుకుంటుంది. 4,500 మందిని, అంటే సిబ్బందిలో 40 శాతాన్ని తీసేస్తున్నామని సెప్టెంబరులోనే చెప్పారు. డిసెంబరులో ఇతరులకు ఫోన్లు తయారుచేసిపెట్టే ఫాక్స్‌కాన్‌తో ఒప్పందం చేసుకుని, కొన్ని ఫోన్ల తయారీతో పాటు వాటి సరుకు నిల్వ బాధ్యత కూడా వాళ్ల నెత్తిన పెట్టారు. పైన చెప్పిన రోగానికి అది సరైన మందు. కొత్తగా వచ్చిన సీఈఓ జాన్ చెన్ చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది అదే. ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు గానీ, కంపెనీ బతికిందంటే అందులో దీని పాలు చాలా ఉంది.

కంపెనీ బతికింది సరే, షేరు పట్టుకున్నవాడి మాటేమిటి? ఇక్కడ ఫెయిర్‌ఫాక్స్ కథ చూడాలి. హైదరాబాద్‌లో పుట్టి కెనడాలో స్థిరపడిన ప్రేమ్ వత్స కంపెనీ అది. అప్పట్లో దానికి బ్లాక్‌బెర్రీలో సుమారు 10 శాతం వాటా ఉండేది, ఆయన కొంతకాలం బోర్డులో కూడా కూర్చున్నారు. 2013 సెప్టెంబరు 23న షేరుకు 9 డాలర్ల చొప్పున, మొత్తం 470 కోట్లకు కంపెనీని కొంటామని లెటర్ ఆఫ్ ఇంటెంట్ ఇచ్చారు. ఆశావాదులు "9 డాలర్లు గ్యారంటీ" అనుకున్నారు. అది ఉద్దేశం తెలిపే ఉత్తరం మాత్రమే, డబ్బు ఇంకా సమకూరలేదు. షేరు 9 కంటే కిందే ఆడుతూ వచ్చింది. నిజంగా 9 వస్తుందని అందరూ నమ్మితే 8కి ఎవరు అమ్ముతారు?

నవంబరు 4న ఆ కొనుగోలు రద్దయింది. దాని బదులు ఫెయిర్‌ఫాక్స్, మరికొందరు కలిసి 100 కోట్ల డాలర్ల డిబెంచర్లు (అప్పు పత్రాలు) తీసుకున్నారు. ఏటా 6 శాతం వడ్డీ. కావాలంటే 10 డాలర్ల లెక్కన షేర్లుగా మార్చుకోవచ్చు. ఈ షరతులు ఒకటికి రెండుసార్లు చదవండి. కంపెనీ పైకి వస్తే 10 కోట్ల కొత్త షేర్లు వాళ్లకు వస్తాయి, ఉన్న 52 కోట్ల షేర్లవాళ్ల వాటా ఆ మేరకు పలచబడుతుంది. కిందికి పోతే వాళ్లు అప్పిచ్చినవాళ్లు కాబట్టి షేరుహోల్డర్ల కంటే ముందు వరుసలో నిలబడతారు. మధ్యలో ఉంటే వడ్డీ వస్తుంది. కంపెనీ మీద నాకు నమ్మకం ఉంది అన్న పెద్దమనిషి కొత్త డబ్బు పెట్టేటప్పుడు షేరు కొనలేదు, అప్పు ఇచ్చాడు. "అప్పు లేని కంపెనీ" అనే వాదన కూడా ఆ రోజుతో చెల్లిపోయింది.

పేటెంట్ల గురించి ఎక్కువ చెప్పను. 2011లో దివాలా తీసిన టెలికాం కంపెనీ నోర్టెల్ పేటెంట్లు 450 కోట్లకు పోయాయి (కొన్న బృందంలో యాపిల్, మైక్రోసాఫ్ట్‌లతో పాటు ఈ కంపెనీ కూడా ఉంది). గూగుల్ మోటరోలా మొబిలిటీని 1,250 కోట్లకు కొంది. ఆ ఊపులో బ్లాక్‌బెర్రీ పేటెంట్లకూ వందల కోట్ల డాలర్లు గుణించుకున్నారు. చివరికి 2023లో తన పేటెంట్లలో ఎక్కువ భాగం అమ్మినప్పుడు చేతికి ముందుగా వచ్చింది 17 కోట్లు. మిగతావి కలిసొస్తే మొత్తం 90 కోట్ల దాకా. పేటెంటుకు కాలపరిమితి ఉంటుంది, ఏటా కొన్నిటి గడువు తీరిపోతుంది. ఎవరో ఒకసారి వేలంలో పాడిన ధర పట్టుకుని మన ఇంటి గోడలకు వెల కట్టుకోకూడదు.

టర్నరౌండ్ అనే మాట మీదే నాకు పేచీ ఉంది. ఫోను తిరిగి నిలబడటం ఒకటి, కంపెనీ నిలబడటం ఒకటి, షేరు లేవడం ఇంకొకటి. మూడూ కలిపి ఒకే మాటలో చెబుతుంటారు, గొడవంతా దాంతోనే. బ్లాక్‌బెర్రీలో ఫోను పోయింది: 2016 సెప్టెంబరులో సొంతంగా ఫోన్లు రూపొందించడం మానేస్తున్నామని ప్రకటించారు, 2022 జనవరి 4న పాత ఫోన్ల సేవలు కూడా ఆపేశారు. కంపెనీ సాఫ్ట్‌వేర్ వైపు తిరిగి నిలబడింది. షేరు ఆ 8 డాలర్ల దరిదాపుల్లోనో, అంతకంటే కిందో ఏళ్ల తరబడి తిరిగింది. మధ్యలో 2021 జనవరిలో గుంపు మనస్తత్వంతో కొన్నాళ్లు ఎగిరింది, అది లెక్కల్లోకి రాదు.

ఎగరడం అంటే గుర్తొచ్చింది. 2012 సెప్టెంబరులో 6 డాలర్ల చిల్లర ఉన్న ఈ షేరు, 2013 జనవరిలో 17 దాటింది. అప్పటికి ఒక్క బ్లాక్‌బెర్రీ 10 ఫోను కూడా అమ్మలేదు. పామ్ అనే ఫోన్ల కంపెనీ కూడా అంతే. 2008 డిసెంబరులో 2 డాలర్ల లోపు ఉన్న షేరు, ప్రీ ఫోను మీద ఆశతో ఏడాది తిరక్కుండా ఎన్నో రెట్లు పెరిగింది. ఫోను ఆడలేదు. 2010లో హెచ్‌పీ షేరుకు 5.70 డాలర్లిచ్చి కొనేసింది. అట్టడుగున కొన్నవాళ్లకు లాభం, కథ నమ్మి మధ్యలో ఎక్కినవాళ్లకు నామం. డబ్బు చేసుకున్నవాళ్లంతా ఆశను కొని ఆశనే అమ్మినవాళ్లు. ఫోను అమ్ముడుపోయేదాకా ఆగినవాళ్లు కారు.

నోకియాను దీనికి ఎదురు ఉదాహరణగా చూపిస్తుంటారు. అక్కడ షేరు కోలుకున్న మాట నిజమే. అయితే ఫోన్ల వ్యాపారాన్ని 544 కోట్ల యూరోలకు మైక్రోసాఫ్ట్‌కు అమ్మేశాక కోలుకుంది, టెలికాం నెట్‌వర్క్ వ్యాపారం చేతిలో ఉంది కాబట్టి కోలుకుంది. ఫోన్లు కొన్న మైక్రోసాఫ్ట్ 2015లో 760 కోట్ల డాలర్లు నష్టం రాసుకుంది. అంటే ఆ వ్యాపారం బాగుపడలేదు, చేతులు మారిందంతే.

బ్లాక్‌బెర్రీ దగ్గర కూడా అలాంటిది ఒకటి ఉంది, ఎవరి లెక్కలోనూ లేనిది. 2010లో 20 కోట్ల డాలర్లకు కొన్న క్యూఎన్ఎక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ సంస్థ. ఇవాళ అది 20 కోట్లకు పైగా వాహనాల్లో నడుస్తోంది. 8 డాలర్ల షేరు లెక్కలో మనం దాన్ని "ఇంకా ఏవో ఉన్నాయిలే" అనే వరుసలో పడేశాం. మరోవైపు 2019లో 140 కోట్లకు కొన్న సైబర్ సెక్యూరిటీ సంస్థ సైలాన్స్‌ను సుమారు 16 కోట్ల క్యాష్‌కు, కొన్ని షేర్లకు 2025లో వదిలించుకున్నారు. ఏది వజ్రం, ఏది గాజుముక్క అన్నది బోర్డుకే తెలియనప్పుడు బయట కూర్చున్న మనకేం తెలుస్తుంది?

మీరు చూస్తున్న కంపెనీ సంగతికొస్తే, కొనాలో వద్దో నేను చెప్పను. ఒక పని చేయండి. ఆఖరి పూర్తి రిపోర్టు తీసి, కొనుగోలు ఒప్పందాల నోట్ వెతకండి. ఆ మొత్తాన్ని క్యాష్‌లోంచి తీసేయండి. గత నాలుగు క్వార్టర్లలో బకాయిలు ఎంత తగ్గాయో చూసి, ఆ వసూళ్లు లేకపోతే క్యాష్ ఎంత కరిగేదో పక్కన రాయండి. పాత మోడళ్ల వాటా, కొత్త మోడళ్ల వాటా విడిగా చెప్పి ఉంటే అదీ. చెప్పకపోతే ఏ క్వార్టర్ నుంచి చెప్పడం మానేశారో చూడండి. ఈ నాలుగు అంకెలు ఇక్కడ పెడితే మిగతాది వాటి మీద మాట్లాడుకోవచ్చు.